పాల నరం

మా బాపు అంగడిలో బర్రె పళ్లు చూడడు, ధర అడగడు. ముందు వంగి పొట్ట కింద చెయ్యి పెడతాడు. పొదుగు దిక్కు పోయే నరం లావుగా, వంకర్లు తిరిగి చేతికి తగిలితే చాలు, ఆ బర్రె సైదాబాద్‌లోని మా కొట్టానికి వచ్చినట్టే. "నరముంటే నెత్తురు, నెత్తురుంటే పాలు" అంటాడు. ఆ లెక్క బర్రెల్లో ఎన్నడూ తప్పలేదు. అదే మా ఖర్మ.

అమ్మకు కడుపులో క్యాన్సర్. మందులు ఎక్కించాక మళ్లీ పరీక్షలు చేశారు. డాక్టరమ్మ బాపునూ నన్నూ కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. కొత్త రక్తనాళాలు మొలిపించే పదార్థం అమ్మ నెత్తుట్లో బాగా పెరిగిందట. గడ్డ తన తిండి కోసం నాళాలు వేసుకుంటోందట. ఆ పరీక్ష ఒక్కదాన్నే నమ్మలేం గానీ, స్కాన్‌లో కాలేయం మీద కూడా మచ్చలు కనబడ్డాయట. బాపు "కొత్త నాళాలు" దగ్గరే ఆగిపోయాడు. మిగతాది వినలేదు, వినదలచుకోలేదు.

వచ్చేటప్పుడు "కొత్త నరాలొచ్చినయ్, ఇంక నెత్తురు పడ్తది" అంటూ చార్మినార్ దగ్గర ఆటో ఆపించి కలాకండ్ కొన్నాడు.

"బాపూ, అవి గడ్డ నరాలు" అన్నాను.

"డాక్టర్ చదువు నువ్వు చదివినవా? నోరు మూస్కో."

ఇక మేపుడు మొదలైంది. పొద్దున చిక్కటి పాలు, మధ్యాహ్నం మీగడ, మళ్లీ పాలు. అమ్మకు గొంతు దిగేది కాదు. బాపు గదమ పట్టుకుని తాగించేవాడు. కక్కుకుంటే తనే తుడిచి, ఇంకో గ్లాసు తెచ్చేవాడు. ఇరుగుపొరుగు "ఎంత ప్రేమో" అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. దూడ చచ్చి పాలివ్వని బర్రెను కూడా ఆయన అంత సతాయించలేదు.

ఒక మధ్యాహ్నం బాపు కొట్టంలో గడ్డి దింపించుకుంటుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ నరాలు నావేనా బిడ్డా? నిజం చెప్పు. నన్నింక తాగమనకుంటే చాలు."

చెప్పాను. గడ్డవని, కాలేయానికి పాకిందని. అమ్మ ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం బాపు గ్లాసు తెచ్చాడు. ఆయన చెయ్యి గదమ దాకా రాకముందే అమ్మ గ్లాసు లాక్కుని గటగటా తాగేసింది. బాపు ముఖం వెలిగిపోయింది.

"మంచి బర్రెనే కట్టేసినవ్ నా కడుపుల" అంది అమ్మ. "నువ్వు పోసిందంత అదే తాగుతుంది. నాకు చుక్క దక్కుతలేదు."

బాపు నావైపు చూశాడు. నేను తల దించలేదు. ఆయనకు అర్థమైంది. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు.

అమ్మ ఖాళీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకింత తే" అంది. "దాని కడుపింక నిండలే."