నల్లమాడ గుట్టల కింద బూస్టర్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎండలు ముదిరిన రోజుల్లో నన్ను నల్లమాడ వైపు పంపారు. నేను రేడియో తరంగాల పర్యవేక్షణలో ఇంజనీరుని. అనుమతి లేని పరికరం ఎక్కడి నుంచి ప్రసారం చేస్తోందో వెతికి పట్టుకోవడం నా పని. అక్కడి సెల్ టవర్‌కు చుట్టుపక్కల ఫోన్లు అందడం లేదని ఫిర్యాదు. నొప్పులు పడుతున్న ఒకామె కోసం అంబులెన్సుకు ఎంత ప్రయత్నించినా ఫోన్ కలవలేదు. ట్రాక్టరులో తీసుకుపోయేసరికి ఆలస్యమై, బిడ్డ దక్కలేదు.

మా వ్యాన్‌లోని యాంటెన్నాను మెల్లగా తిప్పుతూ, టవర్‌కు అడ్డుపడే రొద ఎటు నుంచి బలంగా వస్తోందో చూసి, మ్యాపు మీద ఆ దిక్కుకు గీత గీస్తాం. మరికొన్ని చోట్ల అలాగే చేస్తే గీతలు కలిసేచోట పరికరం ఉంటుంది. కానీ గుట్టలు తరంగాలను తిప్పికొట్టి గీతలను దారి తప్పిస్తాయి. డ్రైవరుకు మాటలు తక్కువ. హెడ్‌ఫోన్‌లో రొద వింటూ, మనిషి జాడలేని బీళ్లలో రోజుల తరబడి తిరిగాను.

చివరికి గీతలు గుట్ట కింది ఒంటరి ఇంటి దగ్గర కలిశాయి. పైకప్పు మీద కర్రకు యాంటెన్నా, లోపల గోడకు బూస్టర్ పెట్టె. బలహీనమైన సిగ్నల్‌ను అది పెంచుతుంది. సరిగా బిగించకపోతే టవర్‌కు చెవుడొచ్చేంత రొద చేస్తుంది. కర్ర గాలికి ఒరిగి ఉంది.

ఇంట్లో ఓబులమ్మ ఒక్కతే ఉంది. గడ్డి లేక ఆమె భర్త గొర్రెలు తోలుకుని కాలువల సీమకు పోయాడట. వానలు పడితే గానీ రాడు. ప్రసవం సంగతి చెప్పాను. ఆమె గడపలో కూర్చుంది.

"నాకేం తెలుసు సార్? ఫోన్ల అంగడి ఆయప్ప బిగిచ్చిపోయినాడు." గోడ మీది పెట్టె వైపు చూసి అడిగింది: "ఈపొద్దు మాయప్ప గొర్రెల కాడ్నుంచి ఫోన్ జేస్తాడు. రేపు పెరుక్కోని పోతే కాదా?"

కాదన్నాను. ఆమె లేచి తనే ప్లగ్గు పీకింది. వ్యాన్ నుంచి డ్రైవరు రొద ఆగిందని కేకేశాడు. మా పని అక్కడితో అయిపోయినట్టే.

కానీ ఆమె ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. మీటరు తీసుకుని ఇంటి చుట్టూ, తర్వాత గుట్ట మీద కొలుస్తూ పోయాను. పైనున్న పెద్ద గుండురాయి మీద సిగ్నల్ అందింది. ఓబులమ్మ మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కింది. పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది.

"తిన్న్యావా?" అందామె. అటు మాట విని, "ఆఁ, నేనూ తింటి. ఒగదాన్నే గదా, ఏముండాది వండేకి" అంది. నేను కిందికి దిగాను.

వెళ్లేటప్పుడు అడిగింది: "దినామూ ఆ గుండెక్కల్లనా సార్?"

అవునన్నాను. ఆ గుట్ట వైపు మరో టవర్ కావాలని నివేదికలో రాశాను. నేను ఉద్యోగం విడిచేదాకా అది రాలేదు.

మా నియమాల ప్రకారం రొద ఆగితే కేసు ముగిసినట్టు. ఆ ఇంటి తర్వాత మాత్రం, పరికరం తీసేసిన ప్రతిచోటా, అది లేకుండా అక్కడ ఎంత సిగ్నల్ మిగులుతుందో కూడా కొలిచి రాశాను. చాలాచోట్ల ఏమీ మిగల్లేదు.