మోకాళ్ళ మీద వాదన

మొన్న మే నెలలో ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకుని వస్తుంటే, అమలాపురంలో ఒక కాలేజీ గేటు ముందు నేనెక్కిన ఆటో ఇరుక్కుపోయింది. రోడ్డంతా జనం. నీట్ పరీక్షట. గేటు పక్కన నీడలో ఒక తల్లి కూతురి చెవిదుద్దులు ఊడదీయడానికి తంటాలు పడుతోంది. మర బిగుసుకుపోయి రావడం లేదు. ఆ పిల్ల మెడ పక్కకి వాల్చి, ఆ వాల్చిన మెడతోనే ఏదో సూత్రం గొణుక్కుంటోంది. తండ్రి నీళ్ళసీసాని పాలగిన్నె పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని నిలబడ్డాడు. ఆటోలో నన్ను చూసి, తోడు దొరికిందనుకున్నాడో ఏమో, "మీ పాప కూడా రాస్తోందాండీ?" అని అడిగాడు. "మా పాప ఇంక రాయదండీ" అన్నాను. "అయ్యో!" అన్నాడు పాపం, ఎవరో పోయారన్నట్టు. జవాబు చెప్పేలోగా ఆటో కదిలింది. చెప్పాలంటే పోయినేడు జూన్ నుంచి మొదలుపెట్టాలి, అంతసేపు ఏ ఆటో ఆగుతుంది?

మా పాపంటే నా తమ్ముడి కూతురు. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో ఒకే ఆవరణలో రెండిళ్ళు మావి. ఒకదాంట్లో తమ్ముడు, మరదలు, పిల్ల. ఇంకోదాంట్లో నేనూ, మా అమ్మా. ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి దిగిపోయిన దాన్ని కనక ఇంట్లో చదువు సంగతి వస్తే నా మాటకి కాస్త విలువుంది, లేనప్పుడు నేనే తెచ్చుకుంటాను. తమ్ముడిది తాలూకా ఆఫీసులో ఉద్యోగం. మరదలు గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. "మన ఇంట్లో టీచర్లున్నారు, నర్సులున్నారు, గుమాస్తాలున్నారు, డాక్టరొక్కటే తక్కువ" అంటుండేవాడు తమ్ముడు, విస్తట్లో అన్నీ వడ్డించి పెరుగు మరిచిపోయినట్టు. ఆ పెరుగు పాప తేవాలి. ఇంటరైన వెంటనే రాసింది, సీటుకి చాలా దూరంలో ఆగింది. విజయవాడ హాస్టల్లో పెట్టి ఏడాదంతా లాంగ్‌టర్మ్ చదివించారు, మళ్ళీ రాసింది. ఈసారి దగ్గరకొచ్చి ఆగింది. పూర్తిగా తప్పినవాడికి నిద్రపడుతుంది గానీ అంచుదాకా వచ్చి ఆగినవాడి ఇంట్లో ఎవరికీ పట్టదు.

ఫలితాలొచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు రెండు పార్టీలైపోయింది. తమ్ముడు మూడోసారి రాయించాలంటాడు. "ఒక్క ఏడాదే కదక్కా! అంతదాకా వచ్చినది ఇంకొంచెం రాలేదా?" అని పొద్దున్నే నా గుమ్మంలో కూర్చునేవాడు. అతను ఆఫీసుకి పోగానే మరదలు వచ్చేది. "వదినగారూ, మీరైనా చెప్పండి ఆయనకి. పిల్ల నలిగిపోయిందండీ. రెండు ముద్దలు తిని లేచిపోతోంది. బీఎస్సీలో చేర్చేస్తే ఏం పోయిందండీ?" అనేది. ఇద్దరికీ "ఆయ్, నిజమే" అనేదాన్ని. లోపల మాత్రం నాది తమ్ముడి పార్టీయే. ఒడ్డున పడే ముందు ఈత మానేస్తారా ఎవరైనా? పాప ఏమంటోందని మీరడగచ్చు. అది ఏమీ అనలేదు. ఇటు వాళ్ళొస్తే ఇటు, అటు వాళ్ళొస్తే అటు తలూపింది. మేం ముగ్గురం ఆ తల ఊపుని ఎవరికి కావలసినట్టు వాళ్ళం చదువుకున్నాం.

ఇక్కడ మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. మా నాన్న ఉన్నప్పటినుంచీ శుక్రవారం దీపాలవేళ కుటుంబ ప్రార్థన జరుగుతుంది. పాట, బైబిలు వాక్యం అయ్యాక అందరూ మోకాళ్ళూని, పెద్ద నుంచి చిన్నదాకా వరసగా ఒక్కొక్కరూ పైకి ప్రార్థన చేయాలి. చేస్తున్నవాళ్ళని మధ్యలో ఆపకూడదు. కళ్ళు తెరవకూడదు. ముగించగానే అందరూ ఆమెన్ అనాలి. ఇది పవిత్రమైన అలవాటే, కాదనను. అయితే మా వాళ్ళు మొహమ్మీద అనలేని మాటలన్నీ దేవుడి మీదుగా అనుకోడానికి కూడా అదే వాడుకుంటారు. నా చిన్నప్పుడు అమ్మ, "ప్రభువా, ఈ ఇంటి యజమానికి ఆడపడుచుల మీదున్న ప్రేమలో కొంచెం భార్య మీద కూడా పుట్టించు" అని ప్రార్థిస్తే, నాన్న కళ్ళు మూసుకునే పళ్ళు కొరికేవారు. తన వంతు వచ్చినప్పుడు, "కృతజ్ఞత లేని వాళ్ళకి కూడా అన్నం పెడుతున్న దేవా" అని మొదలుపెట్టేవారు. బయటివాళ్ళు చూస్తే ఎంత భక్తిగల కుటుంబమో అనుకునేవారు. ఏ కోర్టులోనూ అంత మర్యాదగా వాదనలు జరిగి ఉండవు.

పోయినేడు జూన్‌లో ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచీ వాన. కరెంటు ఉందో లేదో అన్నట్టుంది. అరుగు మీద దింపిన కొబ్బరికాయల తడివాసన గదిలోకొస్తోంది. అమ్మకి మోకాళ్ళు వంగవు కనక కుర్చీలోనే కూర్చుని, ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించి ముగించింది. తర్వాత నా వంతు. "అందరికీ మంచి ఆలోచన ఇవ్వు తండ్రీ" అని గోడ మీద పిల్లిలా చేశాను. తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ప్రభువా, నా బిడ్డకి పట్టుదల దయచేయుము. ఆమెను వెనక్కి లాగే వారికి జ్ఞానము దయచేయుము." మరదలు ముసుగు సర్దుకోవడం గాజుల చప్పుడుని బట్టి తెలిసింది. "దేవా, బిడ్డ ఆరోగ్యం కన్నా పంతమే ఎక్కువనుకునే వారి గుండె మెత్తబరచుము" అంది. తమ్ముడు ఆమెన్ అన్నాడు, నోట్లో వేపాకు పెట్టుకున్నట్టు. ఇక మిగిలింది పాప. చిన్నప్పటినుంచీ దాని ప్రార్థన ఒక్కటే, పరలోక ప్రార్థన గడగడా అప్పజెప్పి లేచిపోతుంది. నేనప్పటికే పొయ్యి మీది టీ గురించి ఆలోచిస్తున్నాను.

"ప్రభువా, మొన్న పరీక్షలో నాకొచ్చినవాటికి కూడా నేను బబుల్స్ దిద్దలేదు" అంది పాప.

నాకు వెంటనే అర్థం కాలేదు. అది మామూలు గొంతుతో, పక్కింటి పిల్లతో చెప్పుకుంటున్నట్టు చెప్పుకుపోతోంది. "తెలిసే వదిలేశాను. బోటనీ నాకు బాగా వచ్చు. సీటొచ్చేస్తే ఇంక వద్దని చెప్పలేనని భయమేసింది. రాకపోతే అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. డాడీ ఇంకొంచెం చదివితే వస్తుందంటున్నారు. పిల్ల అలిసిపోయిందంటోంది మమ్మీ. నేను అలిసిపోలేదు ప్రభువా. నాకు డాక్టరవ్వాలని లేదు. ఎదురుగా చెబుదామంటే డాడీ మధ్యలోనే అందుకుంటారు, అత్త లెక్కలేసి చూపిస్తుంది, మమ్మీ ఏడుస్తుంది. నీతో మాట్లాడుతుంటే ఎవరూ ఆపరు. అందుకని నీతో చెబుతున్నాను." నేను కళ్ళు తెరిచేశాను. అరవై దాటాక, ప్రార్థనలో మొదటిసారి. చూస్తే మరదలు కూడా తెరిచే ఉంది, ముసుగు జారిపోయి, నోరు తెరుచుకుని, చెయ్యి గుండెల మీద. తమ్ముడొక్కడే గట్టిగా మూసుకున్నాడు. ఆపడానికి లేదు, లేవడానికి లేదు. పాప ఎప్పటిలాగే, "యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ" అని ముగించింది. అలవాటు ఎంత పాడుదంటే, ఆ నిర్ఘాంతపోయిన స్థితిలో కూడా మేం నలుగురం ఒక్క గొంతుతో ఆమెన్ అనేశాం.

నా కాళ్ళు తిమ్మిరెక్కి, ఉన్నాయో లేదో తెలియలేదు. ముందు తమ్ముడు నోరు తెరిచాడు. "తెలిసే వదిలేశావా?"

"ఆయ్ డాడీ."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేదు."

వాడు అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. హాస్టల్ గేటు దగ్గర ఆదివారాలు ఎండలో నిలబడి దానికి టిఫిన్ క్యారేజీ అందించిన మనిషి వాడు. గోడకి చేరగిలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. మరదలి సంగతీ అంతే. పిల్లని కాపాడుతున్నాననుకుంది, తీరా చూస్తే తనూ పిల్ల మాట వినలేదు. "పోనీ, మరేం చదువుతావమ్మా?" అంది. పాప తెలీదంది. "రాయడానికైతే ఇంకో ఏడాది ఇస్తానన్నారు కదా డాడీ. ఆ ఏడాది నాకు ఊరికే ఇచ్చెయ్యండి" అంది.

"ఊరికే అంటే?"

"ఊరికే. ఏం కావాలో చూసుకుంటాను."

నిజం చెబుతున్నాను, పరీక్ష వదిలేసిందన్న మాటకన్నా ఈ మాటకే మేం ఎక్కువ అదిరిపోయాం. ఊరికే ఒక ఏడాదా? ఊరికే ఒక పూట కూర్చుంటేనే మా ఇంట్లో ఒంట్లో బాగాలేదా అని నుదురు తాకి చూస్తారు. అది వీల్లేదని చెప్పడానికి నేనే నోరు తెరిచాను. అంతలో కుర్చీలోంచి మా అమ్మ, "ఆమెన్ అన్నాం కదే" అంది. "అది దేవుడితో చెప్పుకుంది, మనం అలాగే జరుగుగాక అనేశాం. ఇప్పుడు వెనక్కి తీసుకోడానికి అది సంతలో బేరమా? లే, టీ పొంగిపోతోంది." టీ నిజంగానే పొంగిపోయింది.

తమ్ముడు ఆ రాత్రి అన్నం తిన్లేదు. కొన్నాళ్ళు, "పాప ఏం చేస్తోందండీ?" అని ఎవరడిగినా, "లాంగ్‌టర్మ్ అండీ" అని తల దించుకుని అబద్ధమాడాడు. ఆ అబద్ధం విన్నప్పుడల్లా పాప లోపలికి వెళ్ళిపోయేది. అట్లతద్ది వెళ్ళిన నెలలో అనుకుంటాను, ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఒక పెద్దాయన అందరి ముందూ అదే ప్రశ్న వేశారు. తమ్ముడు పాప వంక చూశాడు. తర్వాత ఆయన కళ్ళలోకి చూసి, "ఊరికే ఉందండీ" అన్నాడు. ఆ పెద్దాయన, "ప్రార్థిస్తామండీ" అని జారుకున్నారు. పాప నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా.

ఆ ఏడాది అయిపోవస్తోంది. పాప స్కూటీ నేర్చుకుంది, రాజోలు దాకా పోయి వస్తుంది, మధ్యాహ్నాలు నిద్రపోతుంది, రెండు ముద్దల దగ్గర ఆగకుండా తింటుంది. ఏం తేల్చుకుందో నేనడగలేదు. మా తాతగారు ఉగాది నుంచి ఉగాదికి ఒక రైతుగారి దగ్గర పాలేరుగా కుదిరేవారట. ఆయన ఏడాది రైతుగారిది. మా నాన్న మాస్టారయ్యారు, ఆయన ఏడాది బడిది. నాది సిలబస్‌ది, తమ్ముడిది ఆఫీసుది. మాలో ఎవరికీ అది మనదేమోనన్న అనుమానమైనా రాలేదు. మా ఇంట్లో ఒక మనిషి తన ఏడాదిని తనకిమ్మని అడగడానికి నాలుగు తరాలు పట్టింది.