యూరియా వేసిన కీరదోస

రావులపాలెం దగ్గర గోదావరి లంకపొలంలో కీరదోస వేసిన ఏడాది, వ్యవసాయాధికారి మాట విని నా వంతు సగానికి కాల్షియం నైట్రేట్ ఎరువు వేశాను. మా మామగారు మాత్రం, "ఉప్పులా ఉందిది. దీనికేం కాస్తాయమ్మా?" అంటూ తన సగానికి యూరియానే గుప్పిళ్లతో వేశారు.

ఆయన తీగలు నల్లపచ్చగా అల్లుకుపోయాయి. నావి పలచగా కనిపిస్తే చుట్టుపక్కల రైతులు నవ్వారు.

మొదటి కోతనాడు ఆయన ఆకులెత్తి చూస్తే నాలుగైదు వంకర పిందెలు తప్ప ఏమీ లేవు. నా సాళ్లలో చెయ్యి పెట్టిన చోటల్లా కాయే. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను.

ఆయన గట్టుమీద కూలబడిపోయారు. "ఇంత ఏపుగా పెరిగి కాయకపోవడమేంటమ్మా?"

"నాకూ పూర్తిగా అర్థం కావట్లేదు, మావయ్యగారూ. యూరియా ఎక్కువైతే తీగే పెరుగుతుందట," అన్నాను.

ఆయన లేచి నా సాళ్లలోకి వచ్చి కాయలు కొయ్యడం మొదలుపెట్టారు.