శుభ్రత మీద మాదిరి పాఠం

పుల్లలచెరువుకు అవతల, నల్లమల అంచున ఉన్న ఒక చిన్న ఊళ్ళో జిల్లా బోర్డు బడికి నేను ఒక్కణ్ణే పంతులుగా ఉన్న రోజులవి. మేమంతా మద్రాసు కింద ఉన్న కాలం. మా వైపు ఊళ్ళ పంతుళ్ళందరినీ నెలకొక శనివారం ఏదో ఒక బడిలో పోగు చేసేవారు. ఉపాధ్యాయుల సంఘం సభ అని దానికి పేరు. ఒకరు అందరి ముందూ మాదిరి పాఠం చెప్పాలి. మిగతావాళ్ళు దాన్ని విమర్శించాలి. ఇంకొకరు వ్యాసం చదవాలి. పంతుళ్ళు కూడా నేర్చుకుంటూ ఉండాలన్నది ఉద్దేశం. అందులో తప్పేమీ లేదు. ట్రైనింగు ముగించి వచ్చిన కొత్తలో నేను ఆ శనివారాల కోసం ఎదురుచూశాను కూడా. మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో పెట్టుకుని ఎలా నెగ్గుకురావాలో ఎవరైనా చెబుతారని నా ఆశ.

ఎవరూ చెప్పలేదు. హాజరు సంతకం పెట్టడం, ఎవరికి ఎక్కడికి బదిలీ అయిందో గుసగుసలాడుకోవడం, ఆ ఊరి పంతులు పెట్టించిన భోజనానికి వంకలు పెట్టడం, ఇదీ అక్కడ జరిగే పని. వ్యాసం ఎప్పుడూ ఒకాయనే చదివేవాడు. ఏదో పత్రికలోంచి ఎత్తి రాసుకున్నదే, ప్రతిసారీ అదే. ఆయన చదువుతుంటే వెనక కూర్చున్నవాళ్ళు నశ్యం పీల్చి వేళ్ళు బడి గోడకు తుడిచేవాళ్ళు. సభ అయిపోయాక ఆ గోడ చూస్తే నాకు అన్నం సయించేది కాదు.

ఇది చాలదన్నట్టు పుస్తక పఠనం అని ఇంకొకటి పెట్టారు. పుస్తకాల పెట్టె ఒకటి బండి మీద బడి నుంచి బడికి తిరిగేది. పంతుళ్ళు తలా ఒక పుస్తకం చదివి సభలో దాని గురించి మాట్లాడాలి. పెట్టె మా బడికి వచ్చినప్పుడు తెరిచి చూస్తే సగం పుస్తకాల్లో, చాకుతో కోసుకుని చదవాల్సిన కాగితాల మడతలు ఇంకా కోయనే లేదు. అయినా ఆ పుస్తకాల మీద ప్రతి సభలో ఎవరో ఒకరు గంభీరంగా మాట్లాడుతూనే ఉండేవారు. ముందుమాట చదవడానికి మడతలు కోయనక్కర్లేదు మరి.

ఒక ఏడు సరిగ్గా వేసవి సెలవుల ముందు, మండే ఎండల్లో మా బడి వంతు వచ్చింది. ఊరి బావి అప్పటికే ఎండిపోయింది. ఆడవాళ్ళు వేకువనే వాగులోకి దిగి, ఇసుకలో చెలమలు తవ్వి, ఊరే నీటిని కొబ్బరిచిప్పతో కడవలోకి తోడుకునేవాళ్ళు. ఒక కడవ నిండేసరికి ఎండ ముదిరేది. నేను మార్కాపురం వెళ్ళి సంఘం కార్యదర్శిని కలిశాను. ఆయన అక్కడ పెద్ద బడిలో హెడ్మాస్టరు. నోట్లో తాంబూలం లేకుండా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. వానలు పడ్డాక సభ పెట్టుకుందామని అడిగాను.

"ఏం నాయనా, తప్పించుకోవాలని చూస్తాండావా? వంతంటే వంతే. ఈసారి డిప్యూటీ ఇన్స్పెక్టరు గారు కూడా వస్తాండారు."

"ఊళ్ళో నీళ్ళు లేవండి."

"మనకు చాలినన్ని నీళ్ళు కూడా పుట్టవా ఏంది?" అని పక్కకు తిరిగి ఉమ్మాడు.

డిప్యూటీ గారు వస్తున్నారని తెలిసి మా ఊరిపెద్ద పొంగిపోయాడు. ఇంటికొక కడవ నీళ్ళు తెచ్చి బడి దగ్గర పోయాలని చాటింపు వేయించాడు. తన ఇంటి గంగాళం తెప్పించి బడి పంచలో పెట్టించాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. శనివారం తెల్లవారేసరికి గంగాళం నిండింది, ఇంకా కొన్ని కడవలు గోడవారన చేరాయి.

డిప్యూటీ గారు ముందురోజు సాయంత్రమే బండిలో వచ్చి ఊరిపెద్ద ఇంట్లో పడుకున్నారు. పొద్దున్నే బడి వెనక స్నానానికి కూర్చున్నారు. బంట్రోతు చెంబుతో ముంచి పోస్తూనే ఉన్నాడు. దారి దుమ్ము వదలలేదని మళ్ళీ సబ్బు రుద్దుకున్నారు, మళ్ళీ పోయించుకున్నారు. పంచె కట్టుకున్నాక కాళ్ళకు మట్టి అంటిందని ఇంకో రెండు చెంబులు పోయించుకున్నారు. సబ్బునీళ్ళు తెల్లగా కంపచెట్ల దాకా పారాయి. మేకలు వచ్చి మూతి పెట్టి చీదుకుని పోయాయి. అవతల దారి మీద ఆడవాళ్ళు ఖాళీ కడవలు చంకనపెట్టుకుని నిలబడి ఆ పారే నీళ్ళనే చూస్తున్నారు.

ఆ రోజు మాదిరి పాఠం చెప్పినవాడు మార్కాపురం పంతులు. ఇస్త్రీ కోటు, మంచి గొంతు, రంగుల పటం. తీసుకున్న విషయం శుభ్రత. పిల్లల చేత చేతులు చాపించి గోళ్ళు చూశాడు. చూస్తూ చూస్తూ రెండో తరగతి ఆడపిల్ల దగ్గర ఆగి, ఆ పిల్లను లేపి ముందుకు తీసుకువచ్చి, గడ్డం పట్టుకుని మెడ పక్కకు తిప్పాడు.

"పిల్లలూ, ఈ మెడ మీద ఏముంది?"

"మురికి" అన్నారు అందరూ.

"చేతుల మీద?"

"మురికి!"

డిప్యూటీ గారు నవ్వారు. "భేష్! సజీవమైన ఉదాహరణ" అన్నారు. పంతుళ్ళంతా నవ్వారు.

ఆ పిల్ల ఏడవలేదు. మోచేతుల దాకా ఎండిన బురదను చూసుకుని, "చెలమలోకి దిగినానయ్యా, మాయమ్మతో" అంది.

"అయితే అక్కడే కడుక్కోకూడదా?" అన్నాడు కోటాయన. మళ్ళీ నవ్వులు.

నేను లేచాను. "అయ్యా, ఆ పిల్ల తోడిన నీళ్ళతోనే డిప్యూటీ గారు పొద్దున స్నానం చేశారు. పిల్లను కూర్చోబెట్టండి" అన్నాను.

డిప్యూటీ గారు కోపం తెచ్చుకోలేదు. అది ఇంకా అసహ్యంగా అనిపించింది. "ఏమయ్యా, ఇది విమర్శ సమయంలో చెప్పాల్సిన మాట. పాఠం మధ్యలో అడ్డు రాకూడదు" అన్నారు.

విమర్శ సమయం వచ్చింది. నల్లబల్ల మీద తేదీ వేయలేదని ఒకరు, పటం ఇంకాస్త ఎత్తున కట్టాల్సిందని ఒకరు, ఉదాహరణ మాత్రం అద్భుతమని నలుగురు చెప్పారు. నా వంతు రాగానే కార్యదర్శి గడియారం చూసి, "భోజనాల వేళయింది" అని లేచాడు.

విస్తళ్ళు పరిచారు. చేతుల మీద నీళ్ళు పోయడానికి ఊరిపెద్ద కుదిర్చిన మనిషి ఆ పిల్ల తల్లే. పాఠంలో జరిగింది కూతురు చెప్పిందేమో, ఆమె ముఖం బిగుసుకుపోయి ఉంది. పంతుళ్ళు వరసగా పంచ అంచున నిలబడి చేతులు చాపారు. ఆమె చివరికి మిగిలిన ఒక్క కడవను ఎత్తి చంకన పెట్టుకుంది.

"పొయ్యమ్మా" అన్నాడు కార్యదర్శి.

"మా బిడ్డకు పోసుకోవాల" అని మెట్లు దిగింది.

"ఏందే నీ పొగరు!" అని ఊరిపెద్ద అరిచాడు. ఒక మనిషిని వెంట పంపబోతే నేను అడ్డం నిలబడ్డాను. "పోనీ పెదనాయనా, ఆ నీళ్ళు వాళ్ళవే కదా" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఊరుకున్నాడు. పంతుళ్ళు చేతులు పైగుడ్డలకు తుడుచుకుని విస్తళ్ళ ముందు కూర్చున్నారు. తిన్నంత తిని, పారేసినంత పారేసి, గోడవారన ఉమ్మి, పొద్దువాలే వేళకు బండ్లెక్కారు. నేను మర్నాడు సగం రోజు ఆ గోడ గీకుతూ గడిపాను.

సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు. మంగళవారం కూడా రాకపోతే ఇంటికి వెళ్ళాను. తల్లి వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. పిల్ల నన్ను చూసి లోపలికి పోయింది.

"పాపను పంపు అక్కా. వాళ్ళు మళ్ళీ రారు" అన్నాను.

"నీ మింద కోపం లేదు అయ్యోరా" అంది చేట ఆపకుండా. "చదువు చెప్తారని పంపితిమి. అందరి ముందర నిలబెట్టి నా బిడ్డ మెడ తిప్పి చూపిస్తారా? సంతలో దూడనైనా అట్ల చూడరే. వద్దులే."

మూడుసార్లు వెళ్ళాను. ఆమె మాట మారలేదు. ఆ పిల్ల చదువుకునే పిల్ల. పలక మీద అక్షరాలు ముత్యాల్లా రాసేది. అంతటితో ఆగిపోయింది.

వానలు పడేలోపే నన్ను కొనకనమిట్ల దగ్గరి ఊరికి బదిలీ చేశారు. అక్కడా అదే సంఘం, శనివారాలు తప్పలేదు. ఒక సభలో మళ్ళీ ఆ ఇస్త్రీ కోటే ఎదురైంది. డిప్యూటీ గారి మెప్పు పొందిన పాఠమట, బడిబడికీ తిప్పి చెప్పిస్తున్నారు. పటం కట్టి, పిల్లల్ని చేతులు చాపమనగానే నేను లేచి బయటకు వచ్చేశాను.

నా వెనకే ఒక కుర్ర పంతులు వచ్చాడు, తర్లుపాడు వైపు నుంచి కొత్తగా చేరినవాడు. బండి నీడలో కూర్చున్నాం. "అన్నా, మా బళ్ళో సగం మంది కోతలప్పుడు రారు. వచ్చేసరికి నేర్పిందంతా మరిచిపోయి ఉంటారు. నువ్వేం చేస్తాండావు?" అని అడిగాడు. పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్ళకు చెప్పించడం మొదలుపెట్టిన సంగతి చెప్పాను. అందులో ఏది కుదిరిందో, ఏది కుదరలేదో చెప్పాను. అతను ఇంకా ఏదో అడగబోతుండగా కార్యదర్శి తాంబూలం నములుతూ గడపలోకి వచ్చాడు.

"ఏంది మీరిద్దరూ ఇక్కడ? పాఠం అయిపాయె. వచ్చి సంతకాలు పెట్టండి, లేకుంటే రానట్టే రాసుకుంటాను."

జీతం నిలిచిపోతుందన్న భయం నాకూ ఉంది, అతనికీ ఉంది. ఇద్దరం లేచి లోపలికి వెళ్ళి సంతకాలు పెట్టాం.