నా వేగంలో సగం తిన్న అల్లం కంచె

మా చిన్నప్పుడు... ఊళ్లో ఎవరినైనా "ఎంత దూరం?" అని అడిగితే కిలోమీటర్లలో చెప్పేవారు కాదు. "ఎంతోటి, చుట్ట తాగేంత సేపు" అనేవారు. లేదా "గీడికే, అర్ధగంట" అనేవారు. ఎవరి కాళ్లతో అర్ధగంట, ఏ దారిన అర్ధగంట అని ఎవరూ అడిగేవారు కాదు. నేను అడిగాను...

మాది జహీరాబాద్ పక్కన చిన్న ఊరు. ఏడో తరగతి దాకా ఊళ్లోనే చదివాను. ఎనిమిది నుంచి టౌను చివర హైస్కూలుకు నడిచి పోవాలి. మా ఊరి ఆడపిల్లల్లో అలా పోయేది నేనొక్కదాన్నే. ఇంట్లో పెత్తనమంతా మా నాయిన వాళ్లన్న, అంటే మా పెద్దనాయినది. ఆయన మాటకు మా నాయిన ఎదురు చెప్పగా నేను ఎన్నడూ చూడలేదు.

పెద్దనాయిన షరతు ఒక్కటే. నాలుగున్నరకు బడి వదిలితే ఐదింటికల్లా ఇంట్లో ఉండాలి. దర్వాజకు ఎదురుగా గోడ గడియారం... దాని కింద పీట వేసుకుని ఆయన. నేను రోజూ ఐదున్నరకు వచ్చేదాన్ని. సంచి భుజం కోసేస్తున్నా, చెమటలు కారుతున్నా, ఉరికినంత పని చేసినా... ఐదున్నరే.

"రెండు కిలోమీటర్లకు గంట పడ్తదా? మేం సదివే రోజుల్ల అర్ధగంటల వచ్చేటోళ్లం. యాడ తిరిగొస్తున్నవ్?" అనేవాడు. ఆ పైన ఒక సామెత... "తిరగక మొగోడు చెడె, తిరిగి ఆడది చెడె." చెప్పొద్దూ, అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. తిరగడమా? దారిలో నీళ్లు తాగడానికి కూడా ఆగేదాన్ని కాదు!

ఒకరోజు తేల్చి చెప్పేశాడు. "సోమవారం దాక సూస్త. ఐదింటికి రాకుంటే సదువు బంద్." అమ్మ పొయ్యి ముందు ఊదుగొట్టం పక్కన పెట్టి నా వైపు చూసింది.

ఆ వారమే మా సైన్సు మేడం వడి, వేగం పాఠం చెప్పారు. నడిచిన దూరమంతటినీ కాలంతో భాగిస్తే వడి. బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటికి తిన్నగా ఎంత జరిగామో, దాన్ని కాలంతో భాగిస్తే వేగం... అది ఏ దిక్కుకో కూడా చెప్పాలి. క్లాసంతా బట్టీ పడుతోంది. నాకు మాత్రం మా ఊరి దారి కళ్ల ముందు మెదిలింది.

మేడంకు సంగతి చెప్పాను. శనివారం ఒంటిపూట బడి వదిలాక ఆమె నన్ను స్కూటీ మీద ఎక్కించుకుని, నేను రోజూ నడిచే దారి వెంటే మా ఊరి దాకా తెచ్చారు. బండి మీటరు చూస్తే నాలుగు కిలోమీటర్లు! రెండు కాదు, నాలుగు.

సోమవారం కూడా ఐదున్నరకే ఇల్లు చేరాను. పెద్దనాయిన గడియారం వైపు వేలు చూపించి "ఇగ బంద్" అన్నాడు.

నేను సంచి కూడా దించలేదు. సుద్దముక్క తీసి వాకిట్లో షాబాదు బండల మీద కూర్చున్నాను. ఈ చివర ఒక చుక్క పెట్టి ఇల్లు అన్నాను. ఆ చివర ఒక చుక్క పెట్టి బడి అన్నాను. నడుమ తిన్నగా గీత గీశాను.

"పెద్దనాయినా, నువ్వు నడిసిన బాట గిదేనా?"

"ఔ, గదే. రెండు కిలోమీటర్లు, అర్ధగంట."

"అంటే గంటకు నాలుగు. మరి ఇప్పుడు గీ బాట నడుమ ఏమున్నది?"

బియ్యం చెరుగుతున్న పెద్దమ్మ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. "ఏమున్నది, మన అల్లం చేను. దాని సుట్టు మీ పెద్దనాయిన ఏసిన ముండ్లకంచె" అన్నది.

నేను ఆ కంచెను తప్పించుకుని, పెద్ద రోడ్డు దాకా పోయి తిరిగొచ్చే వంకర గీత ఒకటి గీశాను. "నేను నడిసేది గిది. నాలుగు కిలోమీటర్లు, గంట. నా వడి గూడ గంటకు నాలుగే, నీ అంత జల్దిగనే నడుస్తున్న. గని బడి కాడికెల్లి ఇంటి దిక్కు జరిగింది రెండు కిలోమీటర్లే. అంటే నా వేగం రెండు. మిగిలిన రెండు నీ కంచె తిన్నది!"

"ఎదురు మాట్లాడుతున్నవా?" అని లేచాడు. నేను సుద్దముక్క వదల్లేదు. "ఎదురు గాదు, హిసాబు. గల్తుంటే సూపియ్యి. లేకుంటే రేపు నువ్వే నాతోని నడువు" అన్నాను.

పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. "కంచె నువ్వేస్తివి, తప్పు పోరి కాళ్లకు పెడ్తివి" అన్నది.

మర్నాడు ఆయన నిజంగానే వచ్చాడు. బడి వదిలే వేళకు చేతికి వాచీ పెట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు. లారీలు దుమ్ము లేపుతుంటే ధోతి పైకెత్తుకుని నా పక్కనే నడిచాడు. ఇల్లు చేరేసరికి ఐదు ముప్పావు. అరుగు మీద కూలబడి చెంబెడు నీళ్లు గటగటా తాగాడు.

"అల్లం తవ్వినంక సూద్దాం తియ్యి" అన్నాడు.

"అల్లం తవ్వేదాక బడి ఆగది, పెద్దనాయినా" అన్నాను.

ఆ వారంలోనే కంచెకు ఈ పక్కా ఆ పక్కా దిడ్డి పెట్టించాడు... ఒక మనిషి పట్టేంత చిన్న తలుపు. గట్టు మీద నడిచి ఐదింటికే ఇల్లు చేరాను. తప్పయిందని ఆయన అనలేదు. ఐదింటి షరతూ తీసేయలేదు. కానీ చదువు బంద్ అన్న మాట మళ్లీ ఆ నోట రాలేదు. బండల మీది నా గీతలను మాత్రం అమ్మ చాలా రోజులు తుడవలేదు. వాకిలి కడిగినప్పుడల్లా ఆ మేర వదిలేసి కడిగేది.

ఇప్పుడు ఆ అల్లం చేను ప్లాట్లయింది. దిడ్డి ఎక్కడుండేదో వెతికినా తెలియదు. గోడ గడియారం పోయి ఫోను వచ్చింది... మొన్న ఊరికి పోతే మా తమ్ముడు తన కూతురు ఎక్కడుందో ఫోన్లో చూసుకుంటూ "ఇంక రాదేంది?" అని చిటపటలాడుతున్నాడు. "కాలేజీ ఇడిసే యాళ్లకు బస్సు ఉన్నదా లేదా, ఎన్నడన్న అడిగినవార?" అన్నాను. వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మీ ఇంట్లో మీకు పెట్టిన టైము ఎంత? మీ దారికి అడ్డంగా కంచె వేసిందెవరు? చెప్పండి... మన కాళ్ల తప్పేమీ లేదని లెక్కేసి చూపిద్దాం.