పళ్ళెంలో లేని తాళాలు

బావగారి డ్రైవింగ్ లైసెన్స్ పోయిందన్న కబురు నాకు మొట్టమొదట చెప్పింది మా అక్కయ్య. అక్కయ్యంటే నా తోడబుట్టినది కాదు, తోటికోడలు. ఆ బావగారి భార్యే. ఈమధ్య ఒక పొద్దున పప్పులోకి తాలింపు వేస్తుంటే ఫోన్ చేసి, "ఏమే, మీ బావగారికి చూపు ఆనడం లేదని కంటి డాక్టరు లైసెన్సు ఆఫీసుకి రాసేశాడట. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని కాగితం వచ్చింది" అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "దేవునికి స్తోత్రం!" అవతల చిన్న దగ్గు వినిపించింది. ఆ దగ్గు నేనెరుగుదును. నవ్వొచ్చినప్పుడు బావగారికి తెలియకుండా ఉండటానికి ఆవిడ అలవాటు చేసుకున్న దగ్గు అది.

స్తోత్రం చెప్పడం నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. చిన్నప్పుడు ఆ ఊపిరే సరిగా ఆడేది కాదు, ఉబ్బసం. నర్సాపురం దగ్గర మా ఊళ్ళో బడికెళ్ళాలంటే పంటు మీద కాలవ దాటాలి, వానాకాలమంతా తడవాలి. అందుకని నాన్నగారు నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు. లెక్కలు అమ్మ బియ్యం కొలుస్తూ చెప్పింది. దీపాలు పెట్టే వేళకి నాన్నగారు, "ఇవాళ దేనికి స్తోత్రం చెబుతావే?" అని అడిగేవారు. ఏదో ఒకటి చెప్పి తీరాలి. జ్వరం వచ్చిన రోజున కూడా నేను గంజిలో నంజుకున్న నిమ్మకాయ ఊరగాయకి స్తోత్రం చెప్పాను. సముద్రాలు దాటినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. అంచేత ఒక పెద్దాయనకి చూపు తగ్గిందంటే స్తోత్రం చెప్పిందని నన్ను రాతిగుండె మనిషి అనుకోకండి. ముందు సంగతంతా వినండి. విన్నాక అనుకున్నా ఫరవాలేదు.

మేముండేది ఈ మంచు దేశంలో, సార్నియా అనే ఊళ్ళో. నది, నది మీద అవతలి దేశానికి వెళ్ళే వంతెన, ఊరికి దక్షిణాన పొగలు కక్కే ప్లాంట్లు. బస్సులు లేవని అనను. మనకి కావలసిన వేళకి, కావలసిన చోటికి మాత్రం రావు. ఇక్కడ కారు లేదంటే మన బతుకు ఇంకొకరి చేతిలో ఉన్నట్టే. బావగారు ఆ ప్లాంట్లలో ఒకదాంట్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన వాడిన వెండిరంగు కారుని తమ్ముడైన మా వారు ఆయన దగ్గరే కొనుక్కున్నారు. కొనుక్కున్నా సరే, పదిమందిలో బావగారు దాన్ని "నేనిచ్చిన కారు" అనే అనేవారు. మా వారు నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ కారులోనే. ఆదివారం ఆరాధన అయ్యాక కాలేజీ పార్కింగ్ లాటు ఖాళీగా ఉండేది. నేను భయంతో పళ్ళు బిగించి కూర్చుంటే, "బ్రేకు కాలితో తొక్కాలి, పళ్ళతో కాదు" అని నవ్వేవారు. రోడ్ టెస్ట్ పాసైన రోజున మిఠాయి పట్టుకుని బావగారింటికి వెళ్ళాం. ఆయన ఒక లడ్డూ నోట్లో వేసుకుని, "బడి గడప తొక్కని మనిషి హైవే ఎక్కిందంటే, ఈ దేశంలో పరీక్షలు ఎంత దిగజారాయో చూడండి" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. ఆ లడ్డూ చుట్టింది నేనే.

ఆ కారుకి రెండు తాళాలుండేవి. రెంటినీ మా వారు ఒకే రింగుకి, ఒక ఇత్తడి చేప బొమ్మతో సహా తగిలించారు. "జంటగా ఉంటే పోవు" అనేది ఆయన సిద్ధాంతం. జంటగా ఉన్నవి జంటగానే పోతాయన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఒకరోజు మా జంటలో ఆయన పోయారు. నేను మిగిలాను. నాతోపాటు ఆ కారు, దాని సీట్లకి పట్టేసిన ఆయన నీలగిరి తైలం వాసన, వృద్ధాశ్రమం వంటింట్లో నా పొద్దుటి షిఫ్టు, కిటికీలోంచి నది కనిపించే చిన్న అపార్ట్‌మెంటు మిగిలాయి. అన్నిటికీ స్తోత్రం చెప్పుకుంటూనే లేచి నిలబడ్డాను.

నేను నిలబడటం బావగారికి నచ్చలేదు. "ఒంటరి ఆడదానివి, ఈ మంచులో నీకు డ్రైవింగేమిటి, ఉద్యోగమేమిటి? మా బేస్‌మెంట్ ఖాళీగా ఉంది. వచ్చేయమ్మాయ్. మీ అక్కయ్యకి మోకాళ్ళు లేవట్లేదు, నువ్వుంటే వంటా వార్పూ చూసుకుంటావు" అనేవారు. ఆ బేస్‌మెంట్లో ఒక్కటే కిటికీ. అందులోంచి చూస్తే పైన నడిచేవాళ్ళ బూట్లు కనిపిస్తాయి. "ఆలోచిస్తానండి బావగారూ" అని తప్పించుకునేదాన్ని.

మా తెలుగువాళ్ళం కొద్దిమందిమి నెలకోసారి బావగారింట్లో ప్రార్థన కూడిక పెట్టుకునేవాళ్ళం. ఆయన డ్రైవ్‌వే పొడుగే గానీ పక్కపక్కన రెండు కార్లే పడతాయి. మిగతావి వాటి వెనక ఒకదాని తరవాత ఒకటి పెట్టాలి. ముందొచ్చినవాళ్ళు ముందెళ్ళాలంటే వెనకవి జరపాలి కదా, అందుకని గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు మీద ఒక స్టీలు పళ్ళెం ఉండేది. వచ్చినవాళ్ళు కోట్లు గదిలో మంచం మీద పడేసి, కారు తాళాలు ఆ పళ్ళెంలో వేసేవాళ్ళు. ఎవరికి అవసరమైతే వాళ్ళు ఎవరి కారైనా జరిపేవారు. సంఘమంతా ఒక్కటే కుటుంబం అని ఆ పళ్ళాన్ని చూసి నేను మురిసిపోయేదాన్ని.

మా వారు పోయాక ఒక జనవరి కూడికలో అందరి తాళాలూ పళ్ళెంలోనే ఉన్నాయి, నావి తప్ప. బూట్లన్నీ బోర్లించాం. కోట్లన్నీ దులిపాం. ఎవరో రైస్ కుక్కర్ మూత కూడా తీసి చూశారు. చివరికి బావగారు అందరినీ నిలబెట్టి, కళ్ళు మూసుకుని, పోయిన తాళాల కోసం పెద్ద ప్రార్థన చేశారు. ఆమెన్ అయ్యాక నా తల మీద చెయ్యి వేసి, "ఇదే దేవుని చిత్తమేమోనమ్మాయ్" అన్నారు. కారుని ఆయన డ్రైవ్‌వేలోనే, ఎడమ పక్క చెత్త డబ్బాల దగ్గర వదిలేసి, ఆయన బండిలోనే ఇంటికి వెళ్ళాను.

మర్నాటి నుంచి నన్ను పనికి దింపే భారం ఆయనే ఎత్తుకున్నారు. దార్లో ఒక్కటే మాట. "పాత కారుకి కొత్త తాళాలేమిటి, దండగ. తాళం లేని కారు డొక్కుతో సమానం. స్క్రాప్‌కి ఇచ్చేద్దాం. నువ్వు నెలాఖరుకి సామాన్లు సర్దుకో." నేను సీటు బెల్టు పట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు షిఫ్టు అయిపోయి గంటైనా ఆయన రాలేదు, ఫోన్ ఎత్తలేదు. అద్దాల తలుపు వెనక కోటు తొడుక్కుని నిలబడి ఉంటే, నా ఇల్లూ నా పనీ నది మీద ఐసు ముక్కల్లా తేలి వెళ్ళిపోతున్నట్టనిపించింది. వచ్చాక, "చూశావా, రోజూ ఇలా ఎలా కుదురుతుంది?" అన్నారు.

ఆ వారంలోనే మంచు దట్టంగా పడింది. బావగారికి ఈ లోకంలో సహించనిది ఒకటుంటే అది డ్రైవ్‌వే మీద మంచు. పక్కింటివాళ్ళు బండి పట్టేంత దారి చేసుకుని ఊరుకుంటే, ఈయన నల్లటి తారు కనిపించేదాకా గీకుతారు. ఆ సాయంత్రం నన్ను దింపే ముందు, మర్చిపోయిన మందుల కోసం తన ఇంటి దగ్గర ఆగారు. ఆయన లోపలికి వెళ్ళారు. నేను బండిలోంచి చూశాను. చెత్త డబ్బాల దగ్గర ఉండాల్సిన నా కారు కుడి పక్క కంచె వారన ఉంది. అది అంతకు ముందున్న చోట మంచు పొరైనా లేదు. తారు అద్దంలా నల్లగా మెరుస్తోంది. తాళాల్లేని కారు దానంతటది లేచి, మంచు గీకేందుకు ఆయనకి దారిచ్చి పక్కకి తప్పుకుందన్నమాట!

నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. అయినా ఒక్క మాట మాట్లాడలేదు. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. "ఇదిగో, ఇప్పుడే దొరికాయమ్మా, నా ప్రార్థన ఫలించింది" అని చేతిలో పెడతారు. సంఘమంతా ఆయనకి వందనాలు చెబుతుంది. ఆ వందనాలు ఆయనకి దక్కనివ్వదలచుకోలేదు. ఆ పూట, శత్రువుల మీద మండిపడుతూ భక్తులు పాడిన కీర్తనలు వెతికి వెతికి చదువుకున్నాను. అవి ఉన్నందుకు స్తోత్రం చెప్పాను.

వృద్ధాశ్రమంలో నాతో పనిచేసే ఆవిడ, ఇంటికే వచ్చి కారు తాళాలు చేసే ఒక లాక్‌స్మిత్ ఫోన్ నంబరిచ్చింది. బావగారు రోజూ పొద్దున్నే రిటైరైన స్నేహితులతో కాఫీకి వెళతారు. నా సెలవు రోజున ఆ వేళకి టాక్సీలో వెళ్ళి ఆ తాళాలు చేసే ఆవిణ్ణి ఆ డ్రైవ్‌వేకే పిలిపించాను. నలభైల్లో ఉన్న ఆడమనిషి, చెవులు కప్పే టోపీ, నోట్లో చూయింగ్ గమ్. నా లైసెన్స్, కారు కాగితం చూసింది. రెండిట్లోనూ నా పేరే. తలుపు తాళం కొలతలు తీసి, వ్యాన్లో కొత్త తాళాలు కోసి, స్టీరింగ్ కింద ఒక పెట్టె తగిలించింది. తాళంలో చిన్న చిప్పు ఉంటుందట. కారు దాన్ని గుర్తుపడితేనే ఇంజన్ కదులుతుందట.

"పాత తాళాలు ఎప్పటికైనా దొరకొచ్చంటావా?" అని అడిగింది. "దొరికినా తలుపే తెరుచుకునేలా, ఇంజన్ కదలకుండా చెయ్యొచ్చు. పాతవాటిని కారు మర్చిపోతుంది. చెరిపెయ్యనా?"

"చెరిపెయ్యమ్మా," అన్నాను. "బాగా చెరిపెయ్."

అప్పుడే ఇంటి తలుపు చప్పుడైంది. అక్కయ్య కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ మెట్లు దిగలేక అక్కణ్ణుంచే నన్నూ, వ్యాన్నీ, ఆ పెట్టెనీ చూసింది. "పాతవి ఇక పనిచేయవు కదా?" అంది. చేయవన్నాను. "మంచిది. నా మోకాళ్ళ పేరు చెప్పి నిన్ను కట్టేస్తే నాకు నిద్ర పడుతుందనుకున్నారా మీ బావగారు? ఆవిడకి టీలో పంచదార ఎంత వెయ్యమంటుందో అడుగు" అంది. నేను వస్తే చాకిరీ తప్పేది ఎవరికి? ఆవిడకే. అలాంటిది అక్కయ్యే మూడు కప్పుల టీ పెట్టి, తాగినవి తనే కడిగి బోర్లించి, ఆయన వచ్చాక ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

కొత్త తాళాలు రెండూ రెండు వేరు వేరు రింగులకి తగిలించుకున్నాను. కారు అక్కడే వదిలేశాను. మళ్ళీ ఆయన బండిలోనే పనికి వెళ్ళాను. బేస్‌మెంట్ కబుర్లు వింటూ, "మీరెలా అంటే అలాగేనండి" అన్నాను. ఇక మంచు పడాలి. పడలేదు. మంచు పడాలని ప్రార్థన చేయడం నా జీవితంలో అదే మొదలు. టీవీలో వాతావరణం వార్తలు పరమ భక్తితో విన్నాను. చివరికి తరవాతి కూడిక రోజున, పొద్దుటి నుంచీ ముద్దలు ముద్దలుగా పడింది. స్తోత్రం.

నేను ముందే వెళ్ళి అక్కయ్యకి సాయంగా బజ్జీలు వేస్తున్నాను. వంటింటి కిటికీలోంచి డ్రైవ్‌వే కనిపిస్తుంది. బావగారు ఖాళీ ఉన్న చోటంతా గీకేశారు. నా కారు కింద మాత్రం మిగిలింది. ఇటూ అటూ చూశారు. కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టారు. తలుపు తెరుచుకుంది. లోపల కూర్చున్నారు. ఇంజన్ చప్పుడు లేదు. మళ్ళీ తిప్పారు. దిగి బానెట్ ఎత్తి, ఇంజనీరు కదా, లోపలికి తల పెట్టి చూశారు. మళ్ళీ కూర్చున్నారు. అక్కయ్య నా చేతిలోంచి గరిటె తీసుకుంది. "నూనె నేను చూసుకుంటాలే. నువ్వు వెళ్ళు" అంది.

నేను బూట్లు వేసుకుని వెళ్ళేసరికి పాస్టరుగారి వ్యాన్ వచ్చి ఆగింది. అందులోంచి నలుగురైదుగురు దిగారు. "ఏంటంకుల్, బ్యాటరీ డౌనా? నా దగ్గర కేబుల్స్ ఉన్నాయి" అన్నారు పాస్టరుగారు. ఆయన భార్య, "అయ్యో, ఆంటీ తాళాలు దొరికేశాయే!" అంది సంబరంగా. బావగారి చేతిలో ఇత్తడి చేప ఊగుతోంది.

"ఇప్పుడే... చెప్పుల స్టాండు వెనకాల..." అన్నారు బావగారు.

"మీ ప్రార్థన ఫలించిందండి. కాస్త జరగండి," అన్నాను. ఆయన దిగారు. నా జేబులోంచి కొత్త తాళం తీసి తిప్పాను. ఆ ముసలి ఇంజన్ ఒక్కసారికే లేచింది. మా వారి నవ్వులాగే వినిపించింది నాకు. అద్దం దించి, అందరికీ వినిపించేలా అడిగాను: "మొన్నటి మంచుకి దీన్ని అటుపక్క నుంచి ఇటుపక్కకి తెచ్చింది ఏ తాళంతోనండీ బావగారూ?"

పాస్టరుగారు తన బూట్లని చాలా శ్రద్ధగా చూసుకున్నారు. బావగారి ముఖం మీద మంచు పడుతోంది; తుడుచుకోలేదు. నేను చెయ్యి చాపాను. ఆయన చేప బొమ్మతో సహా తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం ప్రార్థన నన్నే చేయమన్నారు. తీరిగ్గా చేశాను. పోయిన తాళాలకి, కొత్త తాళాలకి, మంచుకి, నల్లటి తారుకి, ఒక్కొక్కదానికీ పేరుపేరునా స్తోత్రం చెప్పాను. బజ్జీలు చల్లారిపోయాయని పిల్లలు గొణిగారు. తరవాత నా కారు నేనే నడుపుకుంటూ, నది పక్క దారిన, నా ఇంటికి వెళ్ళాను.

బావగారు ఇప్పటికీ "పొరబాటున జేబులో పడ్డాయి" అనే చెబుతారు. నేను క్షమించానా అని పాస్టరుగారు అడుగుతుంటారు. ప్రయత్నిస్తున్నాను, తొందరేముంది? ఆ చచ్చిన తాళాలని చేపతో సహా కారు ముందద్దానికి వేలాడదీశాను. లైసెన్స్ పోయినప్పటి నుంచి బావగారిని ఆరాధనకి తీసుకెళ్ళేది నేనే. ఆయన వెనక సీట్లో, కూరగాయల సంచుల పక్కన కూర్చుంటారు. ప్రతి మలుపులోనూ ఆ చేప ఆయన కళ్ళ ముందు ఊగుతుంది. ఆ మాత్రం చూపు ఇంకా ఉంది. నేను కావాలనే మలుపులెక్కువున్న దారిన వెళతాను.

అక్కయ్య నా పక్క సీట్లో కూర్చుంటుంది. పోయినేడు కుడి మోకాలు మార్పించారు. ఇప్పుడు కర్ర అక్కర్లేదు. డెబ్బైకి దగ్గరపడ్డాక రాతపరీక్ష పాసై, ఆదివారం ఆరాధన అయ్యాక కాలేజీ పార్కింగ్ లాటులో నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటోంది. బ్రేకు పళ్ళతోనే తొక్కుతుంది. రెండో రింగుకున్న రెండో తాళం ఇప్పుడు ఆవిడ పర్సులో ఉంది. కారుకైతే పాతది మర్చిపోయి కొత్తది నేర్చుకోవడానికి ఒక కప్పు టీ తాగేంత సేపు చాలింది. మనుషులం కదా, మాకు ఏళ్ళు పడుతున్నాయి. వచ్చే నెలలో ఆవిడకి రోడ్ టెస్ట్. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా, ఆ పొద్దున మా అక్కయ్యని ఒక్కసారి తలుచుకోండి.