పల్లకి వెనక మా బస్సు

మోకాలు దెబ్బతిని నేను బాస్కెట్‌బాల్ ఆడటం మానేశాక, నంద్యాల అమ్మాయిల జట్టుకు మేనేజర్‌గా ఉండమన్నారు. ఆడేటప్పుడు బంతి ఒక్కటే నాది. ఇప్పుడు బూట్లు, నీళ్ల క్యాన్లు, బస్సు అన్నీ నావే. మొదటి మ్యాచ్ ఆళ్లగడ్డలో. పదింటికి చేరకపోతే ఆడకుండానే ఓడినట్టు.

ఊరి ముందర బస్సు ఆగిపోయింది. తన పెళ్లికి జనాన్ని పిలుస్తూ ఊరూరా తిరిగే అహోబిలం స్వామి పార్వేట పల్లకి, మంచులో తేలుతున్నట్టు మా ముందు పోతోంది.

"హారన్ కొట్టన్నా, టైమైపోతాంది!" అంది మా కెప్టెన్.

"పెండ్లికి పిలవను వచ్చినాయప్పకు హారన్ కొడ్తారా పాపా? నువ్వే దిగి జరగమని చెప్పుపో!" అన్నాడు డ్రైవర్.

నేనే దిగాను. ఈ పిల్లలను ఆడనివ్వు స్వామీ, అని దండం పెట్టుకుని కళ్లు తెరిస్తే, పల్లకి వెంట నడుస్తున్న ఒకాయన మెడలో విజిల్ ఊగుతోంది. మా మ్యాచ్ రెఫరీ!

"నంద్యాలోళ్లేనా? ఏందిమ్మా ఆ కంగారు? మీతో ఆడేటోళ్లు ఆడ టెంకాయలు పట్టుకోని నిలబడుండారు. సామి పోయినాక ఆడుకుందురు లే."

పిల్లలంతా దిగి, పల్లకి వెనకే గ్రౌండు దాకా నడిచారు. ఆ రోజు మేం ఓడిపోయాం. కానీ ఆడి ఓడిపోయాం. ఇప్పటికీ జట్టును బస్సెక్కించే ముందు, అహోబిలం వైపు తిరిగి మనసులోనే దండం పెట్టుకుంటాను.